ఎదురు డబ్బిచ్చి... స్వేచ్ఛ కొనుక్కుంది!

పాతికేళ్ల వయసు. ఖాతాలో అమెరికా హిట్లు. వెనక పెద్ద మ్యూజిక్ కంపెనీ. ఏ గాయనికైనా ఇంకేం కావాలి? 'నా పాట నాకు నచ్చినట్టు ఉండాలి' అనుకుంది రాబిన్. కంపెనీకి ఆ పాట నచ్చలేదు. అంతే... ఎదురు డబ్బు కట్టి మరీ ఒప్పందం నుంచి బయటికొచ్చేసింది!

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో 1979లో పుట్టింది రాబిన్ కార్ల్‌సన్. అమ్మానాన్నలు నాటక బృందం నడిపేవారు. వాళ్లు విడిపోయినప్పుడు ఆ బాధని పాటగా రాసుకుంది. బడిలో ఓసారి ఆ పాట పాడుతుంటే, అతిథిగా వచ్చిన గాయని మేయా విని ముచ్చటపడింది. అలా సంగీత ప్రపంచం తలుపులు తెరుచుకున్నాయి. 1995లో తొలి ఆల్బమ్ 'రాబిన్ ఈజ్ హియర్' వచ్చేనాటికి రాబిన్‌కి పదహారేళ్లే. అందులోని 'డు యూ నో', 'షో మీ లవ్' పాటలు 1997లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఏడో స్థానం దాకా వెళ్లాయి. వాటికి పనిచేసిన మాక్స్ మార్టినే మరుసటి ఏడాది బ్రిట్నీ స్పియర్స్‌కి తొలి హిట్ ఇచ్చాడు.

ససేమిరా!

రాబిన్ కూడా అదే బాటలో వెళ్తుందనుకున్నారంతా. కానీ 1999లో వచ్చిన 'మై ట్రూత్'లో తన గర్భస్రావం గురించి పాడిందామె. ఆ పాటలు మార్చమంది అమెరికా కంపెనీ. ససేమిరా అంది రాబిన్. దాంతో ఆ ఆల్బమ్ అక్కడ విడుదలే కాలేదు.

తర్వాత 'ద నైఫ్' పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే అక్కాతమ్ముళ్లు కరీన్, ఊలోఫ్‌లతో కలిసి 'హూజ్ దట్ గర్ల్' పాట చేసింది. సింథసైజర్లూ, యంత్రాలతో అల్లిన బీట్లూ... తను వెతుకుతున్న బాణీ అదే. కంపెనీ మాత్రం పెదవి విరిచింది. అప్పుడే రాబిన్ తెగతెంపులు చేసుకుంది. 'కొనిచివా రికార్డ్స్' పేరుతో సొంత సంస్థ పెట్టింది. కొనిచివా అంటే జపాన్ వాళ్ల పలకరింపు.

ఈ సంస్థ నుంచి 2005లో వచ్చిన 'రాబిన్' ఆల్బమ్ స్వీడన్‌లో నంబర్‌వన్ అయింది. స్వదేశీయుడు క్లీరుప్‌తో చేసిన 'విత్ ఎవ్రీ హార్ట్‌బీట్' 2007లో బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. 2010లో అయితే ఒకే ఏడాది మూడు విడతలుగా 'బాడీ టాక్' తెచ్చింది. ఏ పాట ఎప్పుడు విడుదల చేయాలో చెప్పేవాళ్లు పైన లేరు మరి!

ఏడిపిస్తూ ఆడించే పాట

'బాడీ టాక్'లోదే 'డాన్సింగ్ ఆన్ మై ఓన్'. ప్రేమించినవాడు మరో అమ్మాయితో ఉంటే, ఓ మూల ఒంటరిగా ఆడుతుంది కథానాయిక. మనసు ఏడుస్తుంటుంది, బీటు మాత్రం ఆగదు. ఈ పాటకు గ్రామీ నామినేషనూ దక్కింది. బ్రిటన్ గాయకుడు కాలమ్ స్కాట్ దీన్నే నెమ్మదిగా పాడి 2016లో అక్కడ రెండో స్థానానికి చేర్చాడు.

2014లో ఆప్తమిత్రుడు, నిర్మాత క్రిస్టియన్ ఫాక్ క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ దుఃఖంలోంచి తేరుకోవడానికి రాబిన్‌కి సమయం పట్టింది. తన తదుపరి సోలో ఆల్బమ్ 'హనీ' వచ్చింది 2018లో... అంటే ఎనిమిదేళ్లకి. తొందరపెట్టే యజమాని లేడు కాబట్టే అది సాధ్యమైంది.

2019 మార్చిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాబిన్ కచేరీ అయిపోయింది. ఇంటికెళ్లేందుకు సబ్‌వే ప్లాట్‌ఫామ్ మీద కిక్కిరిసిన అభిమానులు మళ్లీ గొంతెత్తారు. వాళ్లు పాడింది ఆ పాటే. ఒంటరి అమ్మాయి పాటని... అందరూ కలిసి!