ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా, వద్దా? బిల్లు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఇవాళ మాట్లాడుకునేది మనందరికీ షాపులో బిల్లు కట్టే చోట ఎదురయ్యే విషయం. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో షోరూమ్ కావచ్చు, అమీర్‌పేటలో షాపు కావచ్చు, ఒక టీవీయో ఫ్రిజ్జో కొన్నారనుకోండి. అరగంట బేరమాడి రెండు వేలు తగ్గించుకుంటారు. కార్డు బయటికి తీస్తారు. సరిగ్గా అప్పుడు సేల్స్ అబ్బాయి అంటాడు: "సార్, ఇంకో ఐదు వేలు పెడితే రెండేళ్లు అదనంగా వారంటీ వస్తుంది. రోజుకి ఏడు రూపాయలు కూడా పడదు సార్."

వెనకాల లైన్లో జనం ఉంటారు, ఇంటికెళ్లాలని పిల్లలు తొందరపెడుతుంటారు. ఆలోచించే టైం ఉండదు. అందుకే ఆ లెక్క ఇక్కడే వేసుకుందాం. నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇంట్లో వాడే వస్తువుల్లో చాలావాటికి అక్కర్లేదు. కొన్నిటికి ఆలోచించొచ్చు. ఇక మీ సంపాదన ఒక వస్తువు మీదే ఆధారపడి ఉంటే, మీకు కావాల్సింది బహుశా ఈ కాగితం కాదు, ఇంకొకటి. ఎందుకో చూద్దాం.

రిస్క్ ఎవరిది?

ఫిల్మ్ నగర్‌లో సినిమా హక్కులు అమ్మే పద్ధతి తెలిసినవాళ్లకి ఈ విషయం కొత్తేం కాదు. నైజాం హక్కులు ఎంజీ పద్ధతిలో కొంటే, అంటే మినిమమ్ గ్యారంటీ మీద కొంటే, డిస్ట్రిబ్యూటర్ ఇంత అని నిర్మాతకి ఇచ్చేస్తాడు. సినిమా ఆడకపోతే ఆ నష్టం డిస్ట్రిబ్యూటర్‌దే. కమీషన్ పద్ధతిలో అయితే అడ్వాన్స్ ఇస్తాడు, తన కమీషన్ తీసుకుంటాడు, వసూళ్లు తగ్గితే తేడా నిర్మాత వెనక్కి ఇవ్వాలి. పద్ధతి ఏదైనా ఇద్దరి మధ్య అసలు ప్రశ్న ఒక్కటే: రిస్క్ ఎవరు మోస్తున్నారు, దానికి ఎంత తీసుకుంటున్నారు?

ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ఇంతే. టీవీ పాడయ్యే రిస్క్ మీరు ఇంకొకరికి అప్పగిస్తున్నారు. మీరు ఇంటికి ఒక టీవీ కొంటారు. వాళ్లు వేల టీవీలు చూసి, ఎన్ని పాడయ్యాయో, ఒక్కోదానికి ఎంత ఖర్చయ్యిందో లెక్క కట్టి రేటు వేస్తారు. మీరిచ్చే డబ్బులో అమ్మిన షాపుకి కమీషన్ పోవాలి, 18 శాతం జీఎస్టీ పోవాలి, కాల్ సెంటర్ నడవాలి, లాభం మిగలాలి. ఇవన్నీ పోగా ఉన్నది రిపేర్లకి. కాబట్టి సగటు కొనుగోలుదారుడికి కట్టినదానికన్నా తక్కువే తిరిగొస్తుంది. రాకపోతే ఆ వ్యాపారమే నిలబడదు.

ఇది మోసం అనడం లేదండీ. ఏ ఇన్సూరెన్స్ అయినా ఇంతే. ఆసుపత్రి ఖర్చుకి, ఇంటికి, బండికి మనం కడతాం, ఎందుకంటే ఆ దెబ్బ తగిలితే కుటుంబం తట్టుకోలేదు. మిక్సీ పాడైతే చిరాకు వస్తుంది, అంతే. మోయగలిగిన బరువుని డబ్బిచ్చి ఇంకొకరితో మోయించుకోవడం అనవసరం.

బ్రిటన్‌లో ఈ వ్యాపారం మీద పెద్ద విచారణే జరిగింది. అక్కడి కాంపిటీషన్ కమిషన్ 2003లో రిపోర్ట్ ఇస్తూ ఈ వారంటీల మార్కెట్‌లో పోటీ సరిగ్గా లేదని తేల్చింది. కారణం మనకి తెలిసిందే. వస్తువు కొనడానికి వచ్చినవాడు నాలుగు షాపులు తిరుగుతాడు గానీ, వారంటీ రేటు కోసం ఎవరూ తిరగరు. ఆ తర్వాత 2005లో తెచ్చిన ఉత్తర్వుతో, ఒక ఏడాదికి మించిన ఇలాంటి వారంటీ కొన్నవాళ్లకి 45 రోజుల్లోపు రద్దు చేసుకుని, క్లెయిమ్ చేయకపోయి ఉంటే పూర్తి డబ్బు వెనక్కి తీసుకునే హక్కు వచ్చింది.

వస్తువులు ఎప్పుడు పాడవుతాయి?

ఇంజినీర్లు ఒక గీత గీస్తారు. స్నానాల తొట్టి ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని బాత్‌టబ్ కర్వ్ అంటారు. ఫ్యాక్టరీలో లోపంతో వచ్చిన వస్తువు మొదటి నెలల్లోనే బయటపడుతుంది. అక్కడ గీత ఎత్తుగా ఉంటుంది. తర్వాత కిందికి దిగి కొన్నేళ్లు అడుగున సమంగా సాగుతుంది. భాగాలు అరిగిపోయే వయసు వచ్చాక మళ్లీ పైకి లేస్తుంది.

ఇప్పుడు వారంటీని దీని మీద పెట్టి చూడండి. మొదటి ఏడాది ఎత్తుగా ఉన్న భాగం, అది కంపెనీ ఎలాగూ ఇస్తుంది. మీకు అమ్మేది రెండో ఏడు, మూడో ఏడు. అంటే చాలా వస్తువులకి గీత అడుగున ఉండే కాలం. ఫ్రిజ్ నిజంగా ముసలిదయ్యే ఎనిమిదో ఏట, పదో ఏట ఈ కాగితం ఉండదు.

ఇంకో చిన్న కిటుకు ఉంది. "మూడేళ్ల వారంటీ" అని రాసిన దాంట్లో కంపెనీ ఇచ్చే మొదటి ఏడాది కూడా కలిసి ఉండొచ్చు. మీరు డబ్బిచ్చేది రెండేళ్లకే. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని అడగండి.

ఇప్పటికే మీ దగ్గర ఉన్నదేంటి?

బాక్స్‌లో వచ్చిన వారంటీ కార్డు మనం చదవం. ఈ రోజుల్లో చాలా ఇన్వర్టర్ ఏసీలకి, ఫ్రిజ్‌లకి కంప్రెసర్ మీద పదేళ్ల వారంటీ కంపెనీయే ఇస్తోంది. వాషింగ్ మెషిన్లలో మోటారు మీద కూడా చాలా మోడళ్లకి అంతే. కొన్ని ఏసీలకి సర్క్యూట్ బోర్డు మీద ఐదేళ్లు ఉంటుంది. గీజర్‌కి ట్యాంక్ మీద విడిగా కొన్నేళ్లు ఇస్తారు. అంటే ఖరీదైన భాగానికి మీకు రక్షణ ముందే ఉంది. అదనపు వారంటీ కాపాడేది మిగతా భాగాలనే. వాటి రిపేరు ఖర్చు ఎంతో తెలిస్తే సగం ప్రశ్న తేలిపోతుంది.

ఒక్క భాగాహారం

సేల్స్ అబ్బాయిని ఒక్క నిమిషం ఆగమని ఫోన్‌లో ఇది చేయండి. వారంటీ ధరని, రాగల పెద్ద రిపేరు ఖర్చుతో భాగించండి.

ఉదాహరణకి వాషింగ్ మెషిన్‌కి అదనపు వారంటీ 4,000 రూపాయలు అనుకుందాం. మోటారు పోగా మిగిలినవాటిలో పెద్ద రిపేరు 8,000 అనుకుందాం. 4,000 భాగించు 8,000, అంటే సగం. ఆ రెండేళ్లలో ప్రతి రెండు మెషిన్లలో ఒకటి పాడైతేనే మీకు గిట్టుబాటు. అన్ని పాడవుతాయా? మీ చుట్టాల్లో, పక్క ఫ్లాట్లలో కనుక్కోండి.

ఇప్పుడు పెద్ద టీవీ తీసుకుందాం. వారంటీ 6,000, ప్యానెల్ మార్చాలంటే 40,000 అనుకుందాం. 15 శాతం. దాదాపు ఏడింటిలో ఒకటి పాడైతే చాలు. ఇక్కడ వెంటనే వద్దు అనలేం. టీవీకి ప్యానెలే ప్రాణం, దాని వారంటీ సాధారణంగా ఏడాదో రెండేళ్లో ఉంటుంది. ఆ నలభై వేలు మీకు నిజంగా భారమైతే, ప్యానెల్ కవర్ అవుతుందని రాతలో ఉంటే, తీసుకోవడంలో తప్పు లేదు.

చిన్న అక్షరాలు

రాతలో ఉంటే అన్నాను కదా. సాధారణంగా మినహాయించేవి ఇవి: కింద పడి పగలడం, నీళ్లు పోవడం, వోల్టేజ్ హెచ్చుతగ్గులు, ప్లాస్టిక్, గాజు భాగాలు, రిమోట్. పురుగులు, ఎలుకల వల్ల జరిగే నష్టం కూడా చాలా షరతుల్లో ఉంటుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోకి బల్లి దూరి బోర్డు షార్ట్ అవడం మన ఊళ్లో మామూలే. అది కవర్ అవుతుందా అని అడగండి. ఎండాకాలంలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఫ్లాట్లలో గీజర్ ఎలిమెంట్ మీద ఉప్పు పేరుకుంటుంది. కఠిన నీటి వల్ల వచ్చే పాడు కూడా చాలాచోట్ల మినహాయింపే.

మన దగ్గర వస్తువులు ఎక్కువగా పాడయ్యే కారణాలు ఇవే. ఇవన్నీ తీసేస్తే మిగిలేదెంత?

ఫ్లాట్‌లో ఆఫీసు పెట్టుకున్నవాళ్లకి

ఫిల్మ్ నగర్, కృష్ణానగర్, యూసఫ్‌గూడ వైపు ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఇక్కడ ఎన్నో ఫ్లాట్లలో ఎడిట్ రూమ్, చిన్న డబ్బింగ్ రూమ్, ప్రొడక్షన్ ఆఫీసు ఉంటాయి. ఏసీ పొద్దున నుంచి అర్ధరాత్రి దాకా ఆడుతుంది. టీవీ మానిటర్ లాగా పనిచేస్తుంది.

చాలా గృహోపకరణాల వారంటీ షరతుల్లో "గృహ వినియోగానికి మాత్రమే" అని ఉంటుంది. వచ్చిన టెక్నీషియన్ గదిలో మిక్సర్, స్పీకర్లు చూసి "కమర్షియల్ యూసేజ్" అని రాసుకుపోతే క్లెయిమ్ ఆగిపోవచ్చు. బిల్లు బ్యానర్ పేరు మీద ఉంటే ఇంకా కష్టం. అందుకే ఏ వాడకానికి కొంటున్నారో ముందే చెప్పి, అది వర్తిస్తుందని మెయిల్‌లో రాయించుకోండి. వాళ్లు రాసి ఇవ్వలేమంటే మీ డబ్బు మిగిలినట్టే.

చట్టం మాత్రం మీ పట్ల కొంచెం మెత్తగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. కానీ స్వయం ఉపాధితో, కేవలం తన జీవనోపాధి కోసం కొనుక్కుని వాడుకుంటే అది వ్యాపార ప్రయోజనం కింద రాదు. అంటే తన సొంత సిస్టం మీద తానే కూర్చుని పనిచేసే ఎడిటర్ ఫిర్యాదు చేయొచ్చు. పదిమందిని పెట్టి స్టూడియో నడిపే కంపెనీకి ఆ దారి కష్టం.

ఇక ఆ ఎడిటర్ లాప్‌టాప్ సంగతి. అది ఆగితే ఆరోజు కూలి ఆగినట్టే. ఇక్కడ రిస్క్ నిజంగా పెద్దది. కానీ మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీ కింద పడితే కవర్ చేయదు, దొంగతనమైతే చేయదు. కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ల సంగతి తీసుకోండి. కెమెరా కింద పడుతుంది, వానలో తడుస్తుంది, పోతుంది. అలాంటి రిస్క్‌కి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఎలక్ట్రానిక్ పరికరాల పాలసీ, ఆల్ రిస్క్ పాలసీ లాంటివి ఉన్నాయి. మీరు కూడా ఆ రేటు కనుక్కుని పోల్చండి. లేదా లాప్‌టాప్ కంపెనీయే నేరుగా అమ్మే, మీ చోటికే వచ్చి బాగుచేసే, ప్రమాదవశాత్తూ జరిగిన నష్టం కూడా ఉన్న ప్లాన్ చూడండి.

ఇంకొకటి. వారంటీ కింద పాడైన హార్డ్ డిస్క్ బదులు కొత్తది ఇస్తారు. అందులో ఉన్న రషెస్ మాత్రం తేలేరు. ఐదు వేలు చేతిలో ఉంటే ముందు రెండో హార్డ్ డిస్క్ కొని బ్యాకప్ పెట్టుకోండి. అంతకన్నా మంచి వారంటీ లేదు.

కొన్నాక, గొడవ వస్తే

ఆన్‌లైన్‌లో మీరు అడగకుండానే వారంటీ కార్ట్‌లో చేరిందా? 2023 నవంబర్ 30న కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల ప్రకారం దీన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు, అది నిషేధం. ఈఎంఐ మీద కొనేటప్పుడు కూడా బిల్లులో ప్రతి లైనూ చూడండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడగండి. ముందు 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. బిల్లు, వారంటీ కాగితం, మెసేజ్‌లు దాచుకోండి. థర్మల్ పేపర్ బిల్లు మీద అక్షరాలు చెరిగిపోతాయి కాబట్టి కొన్నరోజే ఫోటో తీసుకోండి.

చివరిగా ఒక సలహా. ఈసారి వద్దు అన్నాక ఆ ఐదు వేలు ఖర్చు పెట్టేయకండి. ఇంట్లో రిపేర్ల డబ్బు అని విడిగా వేయండి. తర్వాత ఫ్రిజ్ కొన్నప్పుడు ఇంకో మూడు వేలు, ఏసీ కొన్నప్పుడు ఇంకో నాలుగు వేలు. కొన్నేళ్లలో ఇంట్లో ఏ వస్తువు పాడైనా, బల్లి దూరినా, వోల్టేజ్ ఎక్కువైనా, ఎవరి షరతులూ లేకుండా వాడుకోవచ్చు. ఏదీ పాడవకపోతే ఆ డబ్బు మీదే. సినిమావాళ్ల భాషలో, ఓవర్‌ఫ్లోస్ మీకే.

సరేనండీ, ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా ఈ వారం టీవీయో ఏసీయో కొనబోతుంటే వాళ్లకి ఆ భాగాహారం ఒక్కటీ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.