వార్తల్లో పదం: హార్డ్ ప్రెస్డ్

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో ‘ప్రెస్’ కంటికి కనిపించే పని. గింజ తీసిన దూదిని యంత్రం అదిమి అదిమి కట్టేస్తుంది. గదినిండా పరుచుకునే దూది సుమారు 170 కిలోల బేలుగా మారిపోతుంది. పత్తి రైతును ఇంగ్లిష్ పత్రికలు ‘హార్డ్ ప్రెస్డ్’ అన్నప్పుడు ఆ యంత్రాన్ని తలచుకుంటే అర్థం సగం తెలిసినట్టే.

నుడికారం పుట్టింది మాత్రం పత్తి ప్రెస్సులో కాదు. మీదపడి నెట్టడం, తరమడం అనే అర్థంలోని ‘ప్రెస్’ దీనికి మూలం. ఊపిరి సలపని ఇబ్బందిలో ఉన్నవాళ్లు హార్డ్ ప్రెస్డ్. వెంట ‘టు’ చేరితే, ఆ పని చేయడం మహా కష్టమని. తెలుగులో ‘సతమతమవుతున్న’ అంటే చాలు. ‘గట్టిగా నొక్కబడిన’ అని రాస్తే ప్రాణం పోతుంది.

2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం పత్తిపై 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది. తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించడంతో ఇక్కడి రైతుకు దిగుమతి పత్తితో పోటీ తప్పలేదు. 2025-26కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. కానీ తేమ 12 శాతం దాటితే ఆ ధర అందదు. వానకు తడిసిన పత్తిని ఆరబెట్టే చోటు లేక, అప్పు గడువు ఆగక, వచ్చినకాడికి అమ్ముకునే రైతు నిజంగా హార్డ్ ప్రెస్డ్.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో నేతకార్మికుల మీద ఒత్తిడి మరోవైపు నుంచి వస్తుంది. పత్తి ప్రియమైతే నూలూ ప్రియమవుతుంది. నేసిన బట్ట ధర మాత్రం అంత తొందరగా పెరగదు.