ప్రాణాయామము – అతిశ్వాస



ప్రాణాయామమనగా గాలిని వీలైనంత ఎక్కువగా పీల్చుట యని పలువురి తలంపు. 'ఆయామ' శబ్దమునకు దీర్ఘము చేయుట, నియమించుట యని అర్థములు. సంధ్యావందనమున మనము చేయు పూరక కుంభక రేచకములయందు తొందరకు తావే లేదు. అట్లుండగా కొందరు గురుముఖమున నేర్వకయే భస్త్రికను వందల పర్యాయములు చేసి, వ్రేళ్లు తిమ్మిరెక్కి తల తేలిపోవుచుండగా, ఇది కుండలినీ జాగరణమా యని మమ్ము అడుగుచున్నారు. కాదు. అది అతిశ్వాస.

మనము విడుచు బొగ్గుపులుసు వాయువు కేవలము మలినము గాదు. రక్తమున తగినంత ఉండి తీరవలెను. అతివేగముగా శ్వాసించినచో అది మితిమీరి వెడలిపోవును. అంతట మెదడులోని రక్తనాళములు సంకోచించి తల తిరుగును. పెదవుల చుట్టును, వ్రేళ్ల కొసలయందును చిమచిమలు పుట్టును; ఒక్కొక్కప్పుడు వ్రేళ్లు కొంకర్లు పోవును. విచిత్రమేమనగా, అంత గాలి పీల్చుచున్నను ఊపిరి చాలలేదనియే తోచును. ఆ భయముచే మరింత వేగముగా పీల్తురు!

హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు ఊపిరిని సింహ గజ వ్యాఘ్రములవలె మెల్లమెల్లగా వశపరచుకొనుమనియు, అయుక్తాభ్యాసముచే ఎక్కిళ్లు, దగ్గు, తలనొప్పి మొదలగునవి కలుగుననియు హెచ్చరించియే యున్నాడు.

దర్శనపు వరుసలో ఒత్తిడికి బెదరినవారికిని, ఆప్తులను కోల్పోయి విలపించువారికిని ఇది కలుగవచ్చును. చుట్టును మూగి "గట్టిగా పీల్చు" మని అరచుట అగ్నిలో ఆజ్యము పోయుటయే. జనమును తొలగించి, కూర్చుండబెట్టి, "అమ్మా, భయము లేదు, మెల్లగా వదలండి" అని చెప్పవలెను. ముక్కుతో నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు విడిపింపవలెను. ఇష్టదేవతానామమును దీర్ఘముగా పలికించుటయు మేలే. పలుకునప్పుడు ఊపిరి వెలుపలికే గదా పోవును! నోటికి కాగితపు సంచి పట్టు పాత అలవాటు మాత్రము కూడదు. అది ఉబ్బసమో గుండెజబ్బో అయినచో ప్రాణాపాయము.

ఛాతీనొప్పి యున్నను, పెదవులు నీలిబారినను, స్పృహ తప్పినను, ఎన్నడును లేనిది తొలిసారి వచ్చినను, కొద్ది నిమిషములలో తగ్గకున్నను వైద్యుని చూపవలెను. 108కి ఫోను చేయుటకు సంకోచింపరాదు. మధుమేహులు లోతుగా, వేగముగా రొప్పుచున్నచో రక్తమున ఆమ్లము పెరిగినదేమో. అచ్చట జపముతో కాలము గడుపరాదు.

ఇక సాధకుల మాట. రక్తపుపోటు, హృద్రోగము, మూర్ఛ కలవారును, గర్భిణులును భస్త్రికా కపాలభాతుల జోలికి పోరాదు. తక్కినవారు తిమ్మిరి తోచిన క్షణముననే ఆపి, సహజశ్వాసతో కొంతసేపు కూర్చుండి, ఆ పూటకు చాలింపవలెను.