తొలి ఏండ్లలో ఎడబాటు: శిశువు ఎదుగుదల, సంఘము బాధ్యత

ఉపోద్ఘాతము

తల్లి మరణించినప్పుడో, తండ్రి కుటుంబమును విడిచిపోయినప్పుడో, పసిబిడ్డ ఎక్కడ పెరగాలనే ప్రశ్న మన సంఘములలో తరచుగా కాపరి దగ్గరికే వస్తుంది. గోదావరి జిల్లాలనుండి, కడప ప్రాంతమునుండి ఇంటిపనికై కువైట్‌కు వెళ్లే తల్లుల బిడ్డల విషయమూ అంతే. చాలాసార్లు మనకు తోచే జవాబు ఒక్కటే: హాస్టలు, లేదా అనాథాశ్రమము. అక్కడ అన్నము, బట్టలు, చదువు, వాక్యము దొరుకుతాయి గనుక బిడ్డకు మేలు జరిగిందని తృప్తిపడతాము. అయితే మూడేండ్లలోపు బిడ్డకు వీటితోపాటు మరొకటి కావాలి. దినదినము ఎత్తుకొని, తినిపించి, ఏ ఏడుపు ఆకలిదో ఏది భయముదో గుర్తుపట్టే మనిషి కావాలి. ఆ మనిషి దూరమైతే ఏమి జరుగుతుందో, అప్పుడు కాపరి ఏమి చేయవలెనో ఈ వ్యాసములో పరిశీలిస్తున్నాము.

1. పరిశోధనలు తెలిపేది

ఇల్లు కోల్పోయిన పిల్లల స్థితినిగూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా, బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ఒక నివేదిక ప్రచురించాడు. తల్లితోగాని, తల్లి స్థానములో నిలకడగా ఉండే మరొకరితోగాని అనుబంధము లేకపోతే శిశువు మానసిక ఎదుగుదల దెబ్బతింటుందని అందులో వాదించాడు.

ఆయనతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రులలో తల్లికి దూరంగా ఉంచబడిన పిల్లలను గమనించి మూడు దశలను గుర్తించాడు. అవి నిరసన, నిరాశ, నిర్లిప్తత. మొదట బిడ్డ గట్టిగా ఏడ్చి తల్లికోసము వెదకుతాడు. తరువాత మౌనంగా కుంగిపోతాడు. చివరకు తింటాడు, ఆడుకుంటాడు, కాని తల్లి వచ్చినా పట్టించుకోడు. మన హాస్టళ్లలో 'వారము రోజులు ఏడుస్తాడు, తరువాత అలవాటవుతుంది' అంటాము. ఆ అలవాటు నెమ్మది కావచ్చు, ఈ మూడవ దశయైనా కావచ్చు. ఏడుపు మానినంత మాత్రాన బిడ్డ కుదుటపడ్డాడని తేల్చకూడదు.

జేమ్స్, ఆయన భార్య జాయిస్, తల్లి ఆసుపత్రిలో ఉన్న కాలములో ఐదుగురు పిల్లలను గమనించారు. నలుగురిని ఒకరి తరువాత ఒకరిని తమ ఇంట ఉంచుకొని జాయిసే స్వయంగా చూసుకుంది. వారికి బెంగ కలిగినా తట్టుకోగలిగారు. ఐదవవాడైన జాన్‌కు 17 నెలలు. అతడు తొమ్మిది రోజులు ఒక శిశుగృహములో ఉన్నాడు. అక్కడి నర్సులు మంచివారే, కాని వంతులప్రకారము మారుతుండేవారు. అతడు ఎవరికి చేరువ కాబోయినా ఆ వ్యక్తి నిలువలేదు. తల్లి వచ్చేసరికి ఆమె చేతులలోనుండి విడిపించుకోజూచాడు. ఎడబాటు ఐదుగురికీ కలిగింది. కాని నలుగురికి ఒకే మనిషి దొరికింది, జాన్‌కు దొరకలేదు.

దీర్ఘకాలపు ఫలితములను రుమేనియా చూపింది. 1966లో చౌషెస్కు ప్రభుత్వము గర్భస్రావమును నిషేధించిన తరువాత, పెంచలేని కుటుంబములు పిల్లలను ప్రభుత్వ గృహములలో విడిచాయి. 1989లో ఆ ప్రభుత్వము కూలేనాటికి లక్షకుపైగా పిల్లలు వాటిలో ఉన్నారు. చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు బుకారెస్ట్ నగరములో 6 నుండి 31 నెలల వయస్సున్న 136 మందిని ఎన్నుకొని, చీట్లు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. సగముమందిని పెంపుడు కుటుంబములకు పంపారు, మిగిలినవారు గృహములలోనే కొనసాగారు. 2007లో వెలువడిన ఫలితములనుబట్టి, కుటుంబములలో చేరినవారి తెలివితేటలు మెరుగుగా పెరిగాయి. రెండేండ్లలోపు చేరినవారికి మరింత మేలు కలిగింది.

దీనికి కారణము సులభంగానే గ్రహించవచ్చు. శిశువు తనను తాను ఓదార్చుకోలేడు. ఏడ్చిన ప్రతిసారి ఎవరో వచ్చి ఎత్తుకుంటే, భయము ఎలా తగ్గుతుందో అతని శరీరము నేర్చుకుంటుంది. ఊ కొట్టినప్పుడు ఎవరో బదులు పలికితే మాట నేర్చుకుంటాడు. ఒక ఆయాకు పదిమంది ఉన్నచోట ఈ బదులు కరవవుతుంది. అలాంటి గృహములలోని పిల్లలు కొందరు కొత్తవారెవరు వచ్చినా పరుగెత్తి కౌగిలించుకుంటారు. సందర్శకులు దీనిని ప్రేమ అనుకుంటారు. పరిశోధకులైతే దీనిని ప్రత్యేకించి ఎవరితోను అనుబంధము ఏర్పడలేదనుటకు ఒక సూచనగా పరిగణిస్తారు.

2. హద్దులు

వీటిని తల్లులమీద నిందగా వాడకూడదు. మైకేల్ రట్టర్ 1972లోనే బౌల్బీ వాదనను సరిదిద్దుతూ, బిడ్డ ఒకరికంటె ఎక్కువమందితో అనుబంధము పెంచుకోగలడని, ప్రతి ఎడబాటూ ఒకే హాని చేయదని చూపించాడు. అమ్మమ్మ ఒడిలో పెరిగే బిడ్డ అనాథ కాడు. రుమేనియానుండి ఇంగ్లాండుకు దత్తత వెళ్లిన పిల్లలను రట్టర్ బృందము పరిశీలించగా, ఆరు నెలలలోపు వెళ్లినవారు చాలావరకు తేరుకున్నారు. ఆలస్యంగా వెళ్లినవారిలోను బాగుపడినవారున్నారు.

3. లేఖన దృష్టి

పిల్లలను హాస్టలుకు పంపుటకు సమూయేలును ఉదాహరణగా చెప్పుట మన ప్రసంగములలో వింటాము. అయితే 1 సమూ. 1:21-24 ప్రకారము, పాలు విడుచువరకు హన్నా బిడ్డతో ఇంటనే నిలిచింది. ఆ కాలములో పాలు విడుచుట మనమనుకునేంత త్వరగా జరిగేది కాదు. 2 మక్క. 7:27లోని తల్లి మూడేండ్లు పాలిచ్చినట్టు చెబుతుంది. తరువాత కూడ హన్నా ఏటేట అంగీ కుట్టి తెచ్చేది (2:19). ఎదిగే బిడ్డ కొలత ఆమెకు తెలుసు.

మోషే విషయము మరింత ఆలోచింపజేస్తుంది (నిర్గమ. 2:7-10). ఫరో కుమార్తె బిడ్డను వెంటనే రాజగృహమునకు తీసుకొనిపోలేదు. తల్లికే జీతమిచ్చి పెంచమన్నది. ధనము రాజగృహమునుండి వచ్చింది, ఒడి మాత్రము తల్లిది.

యాకోబు 1:27లో అనాథలను పరామర్శించుటను తెలిపే గ్రీకు క్రియ 'ఎపిస్కెప్తోమై'. సంఘ అధ్యక్షుని సూచించే 'ఎపిస్కొపోస్' ఈ క్రియకు బంధుపదమే. వారున్న చోటికి వెళ్లి బాధ్యత వహించుట ఈ పదములోని భావము. కాబట్టి పరామర్శ హాస్టలు ఫారముమీద సంతకముతో ముగియదు.

4. కాపరి చేయదగినవి

మొదటిది, బిడ్డ ఎవరిని చూచి ఊరుకుంటున్నాడో అడిగి తెలుసుకోవాలి. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మలలో ఒకరు దొరికితే వారికే అండ నిలవాలి.

రెండవది, ప్రభుత్వ సహాయము ఇప్పించాలి. 2015 బాలల న్యాయ చట్టము సంస్థలో ఉంచుటను చివరి మార్గముగానే గుర్తిస్తుంది. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకములు అర్హులైన పిల్లలకు కుటుంబములోనే పెరుగుటకు నెలకు 4,000 రూపాయల సహాయమును నిర్దేశించాయి. దరఖాస్తు నింపిపెట్టే మనిషి లేక అనేకులు దీనిని పొందరు.

మూడవది, కుటుంబము దొరకనప్పుడు బాలల సంక్షేమ కమిటీ ద్వారానే నడవాలి. చట్టప్రకారము నమోదుకాని గృహమునకు బిడ్డను పంపకూడదు.

నాలుగవది, మన ఆధ్వర్యములోని గృహములలో ప్రతి చిన్నబిడ్డకు ఒక ఆయాను కేటాయించి, ఆమెను తరచు మార్చకూడదు. తోబుట్టువులను విడదీయకూడదు. ఇంటి దుప్పటి, తల్లి ఫొటో బిడ్డ దగ్గర ఉండనివ్వాలి. బంధువుల రాకపోకలకు ద్వారము తెరచి ఉంచాలి.

ముగింపు

అనేక సంఘముల వార్షిక లెక్కలలో హాస్టలుకు ఒక పద్దు ఉంటుంది. మనుమడిని సాకుతున్న విధవరాలైన అమ్మమ్మకు బియ్యము, పాలు, మందుల ఖర్చు ఇచ్చే పద్దు అరుదు. రాబోయే సంఘ కమిటీ కూటములో ఈ రెండవ పద్దును చేర్చవలెనని కాపరులను కోరుతున్నాము.