కొన్న పాతబండి: ఎక్కుటకు ముందు



ఎద్దును కొనునపుడు మనవారు చేయు పరీక్ష మీ కెఱుకయే. నోరు తెఱిపించి పండ్లు లెక్కించెదరు. సుడులు చూచెదరు. కాళ్ళు తడిమి, గిట్టలు తట్టి, నాలుగడుగులు నడిపించి, వీలైనచో కాడికి గట్టి చూచిన పిమ్మటనే బయానా యిత్తురు. ఇంత పరీక్ష యెఱిగినవారే మనుమడు కాలేజీకి పోవుటకై పాత మోటారుసైకిలు కొనబోయినపుడు ట్యాంకుమీది రంగు మెఱయుచున్నదా యని చూచి, ఒక్క తన్నుతో ఇంజను పలికినదా యని విని, సొమ్ము లెక్కపెట్టి యిచ్చుచున్నారు. ఎద్దు చెడ్డదైనచో ఒక యేటి సేద్యము పోవును. బండి చెడ్డదైనచో పోవునది దానిని నడుపు పిల్లవాడు.

బేరము ముగిసి బండి వాకిట నిలిచినదనుకొందము. ఎక్కుటకు ముందు ఏమేమి చేయవలెను, ఏది ముందు చేయవలెను అనునదే నేటి ప్రసంగ విషయము. జనులు సామాన్యముగా ఇంజనుతో మొదలుపెట్టెదరు. నా మతము వేఱు. కదలని బండి యెవరికిని హాని చేయదు. ఆగని బండియే చేయును. కావున ఆపు భాగములు ముందు, నడుపు భాగములు తరువాత. ఈ రెంటికంటెను ముందు కాగితములు.

మనవారు సి బుక్కు అని పిలుచు నమోదు పత్రమును చేతబట్టుకొని, అందలి ఛాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను బండిమీద చెక్కియున్న సంఖ్యలతో ఒక్కొక్క అక్షరముగా సరిచూడవలెను. ఛాసిస్ సంఖ్య సామాన్యముగా హ్యాండిలుక్రింది మెడభాగమున నుండును. తుప్పు పట్టియున్నచో గుడ్డతో తుడిచి చూడుడు. ఆకురాతితో గీకవలదు, సంఖ్య చెఱిపినారను అనుమానము తరువాత మీ మీదనే వచ్చును. పత్రములో ఫైనాన్సు కంపెనీ పేరున్నచో, బాకీ తీఱినదని ఆ కంపెనీ యిచ్చిన కాగితము వచ్చువఱకు బండి పూర్తిగా మీది కాదు.

పూర్వము సంఖ్యనుబట్టియే బండి ఏ జిల్లాదో తెలిసెడిది. ఏ.పి. 05 అన్న తూర్పు గోదావరి, ఏ.పి. 37 అన్న పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికిని ఒకే వరుసగా ఏ.పి. 39 వచ్చినందున, అటుపిమ్మటి బండ్లకు ఆ గుర్తు లేదు. మన ప్రాంతమున మఱియొక విశేష మున్నది. యానాములో నమోదైన పి.వై. 04 బండ్లు కోనసీమలోను, కాకినాడ వైపునను అమ్మకమునకు వచ్చుచుండును. యానాము మన నడుమనే యున్నను చట్టము దృష్టిలో అది పుదుచ్చేరి. అట్టి బండిని పండ్రెండు నెలలకు మించి ఇచ్చట నుంచుకొన్నచో ఇచ్చటనే మఱల నమోదు చేయింపవలెను. అందులకు అచ్చటి కార్యాలయపు నిరభ్యంతర పత్రము కావలెను. ధర తక్కువయని సంతోషించువారు ఈ ఖర్చును కూడ లెక్కలో వేసికొనవలెను.

పేరు మార్పించుటలో జాగు చేయరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, ఒకే రాష్ట్రములో అమ్మినవాడు పదునాలుగు దినములలో తెలుపవలెను. కొన్నవాడు ముప్పది దినములలో తెలుపవలెను. భీమా తన పేర మార్చుమని కంపెనీకి పదునాలుగు దినములలో వ్రాసికొనవలెను. “కాగితములపై సంతకము పెట్టించితిమి, తీఱినప్పుడు చూతము” అనుట మనలో పరిపాటి. 2018లో సుప్రీముకోర్టు ఒక వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది: బండి ఎన్ని చేతులు మాఱినను, నమోదు పుస్తకమున ఎవని పేరున్నదో వాడే యజమాని, ప్రమాదమున నష్టపరిహారమునకు బాధ్యుడును వాడే. కావున కొన్నవారు కాక, అమ్మినవారును ఈ మాట వినవలెను. ఎన్నడో అమ్మి మఱచిన బండికై న్యాయస్థానము మెట్లెక్కవలసి రావచ్చును.

మనుమనికి పదునెనిమిదేండ్లు నిండనిచో గేర్లుగల బండి తాళము వాని చేతికీయరాదు. 2019లో సవరించిన చట్టము ప్రకారము అట్టి సందర్భమున సంరక్షకునికే ఇరువదియైదువేల రూపాయల జుల్మానాయు, మూడేండ్లవఱకు కారాగారమును విధింపవచ్చును. తాతగారి ముద్దు న్యాయస్థానమున సాక్ష్యము కాదు.

ఇక బండి. మన డెల్టాలో పాతబండికి గల మొదటి శత్రువు దుమ్ము కాదు, నీరు. 1986 ఆగస్టునను, 2022 జూలైలోను గోదావరి పొంగినపుడు లంకగ్రామములలో ఇండ్లే మునిగినవి. వాకిట నున్న బండ్ల మాట చెప్పనేల? వరద తీసిన పిమ్మట వానిని కడిగి, రంగువేసి, దూరపు సంతలో అమ్ముదురు. బండి మునిగినదో లేదో రంగు చెప్పదు, బురద చెప్పును. సీటు తీసి క్రిందిమూలలు చూడుడు. హెడ్‌లైటు అద్దము విప్పించి లోన వేలు పెట్టి చూడుడు. గోదావరి ఒండ్రు మెత్తని పిండివంటిది. ఒకసారి సందులో చేరినచో ఎన్ని కడుగులు కడిగినను పూర్తిగ పోదు. మీటరు అద్దములో చెమ్మ పట్టియున్నను అనుమానింపవలెను.

అన్నిటికంటె సత్యమైన సాక్షి ఇంజను ఆయిలు. క్రింది బోల్టు విప్పించి ఒక తెల్లని పళ్ళెములోనికి వంపించుడు. నల్లగా నున్నచో భయములేదు. పాతనూనె నల్లబడుట సహజము. పాలు కలిపిన కాఫీవలె నున్నచో అందు నీరు చేరినది. నే నెఱిగిన రైతొకరు అట్టి నూనెను చూచియు, నీరు ఆవిరియై పోవునులే యని కొత్తనూనె పోయించి వారము దినములు నడిపిరి. వానకాలము ముగియకముందే బేరింగులు మ్రోగనారంభించి, బండి ధరలో మూడవవంతు మరమ్మతునకు పోయినది. నూనెలో నీరున్నచో ఒక్కసారి మార్చుట చాలదు. మార్చి, కొంతసేపు ఇంజను నడిపి, మఱల వంపి, నూనె తేటగా వచ్చువఱకు అట్లే చేయవలెను. నూనెలో ఇనుపరజను మెఱయుచున్నచో ఆ బండిని ముందు మెకానిక్కునకు చూపవలెను.

ఒక హెచ్చరిక. మునిగినదని తెలిసిన బండిని ఊరక కిక్కు కొట్టరాదు. సిలిండరులో నీరు నిలిచియున్నచో, గాలివలె అది నొక్కుకొనదు. పిస్టను పైకి వచ్చి నీటికి తగిలి కనెక్టింగు రాడ్డు వంగును. మొదట ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమునకు ఎదురుగ మనిషి లేకుండ చూచి, మెల్లగా కిక్కు త్రిప్పి నీరు వెడలనీయవలెను.

సముద్రపు దాపున, అనగా అంతర్వేది, ఓడలరేవు ప్రాంతములలోను, భీమవరము చుట్టును రొయ్యల చెఱువులున్న యూళ్ళలోను తిరిగిన బండికి మఱియొక దోషము గలదు. మేతబస్తాలను, ఉప్పునీరు కాఱు పెట్టెలను మోసిన బండికి రిమ్ములు, స్పోకుల మొదళ్ళు లోపలినుండి తినివేయబడును. పైకి నికెలుపూత మెఱయుచునే యుండును. స్పోకుల నొక్కొక్కటిగా చిన్న స్పానరుతో తట్టి వినుడు. బిగువైనది గణగణ మ్రోగును, వదులైనది మొద్దుగ పలుకును. టైరు విప్పించినపుడు రిమ్ము లోపలివైపు తప్పక చూడవలెను.

టైరు విప్పుదురు గనుక దాని వయస్సును చూడవచ్చును. ప్రక్కగోడమీద నాలుగంకెలు అచ్చువేసి యుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున చేసినదని యర్థము. గాళ్ళు లోతుగ నున్నను, రబ్బరు ఎండి బీటలు వాఱినచో ఆ టైరు తడిరోడ్డును పట్టదు. గాళ్ళ నడుమ చిన్న గట్టులుండును. టైరు అఱిగి ఆ గట్టులతో సమమైనచో దాని ఆయువు తీఱినది. గాలి ఎంతయో చైనుకవరుమీద గాని, కంపెనీ పుస్తకములో గాని వ్రాసియుండును. ఇద్దరెక్కినపుడు వెనుకచక్రమునకు ఎక్కువ గాలి కావలెనన్న సంగతి మనలో చాలమంది యెఱుగరు.

ఇప్పుడు బ్రేకులు. రెండు చక్రములను ఊడదీయింపక, “బాగుగనే పట్టుచున్నవి” అను మాటను నమ్మరాదు. డ్రమ్ము విప్పి షూలపై లైనింగు ఎంత మిగిలినదో కన్నులార చూడవలెను. లోని ధూళిని నోటితో ఊదరాదు; పాత లైనింగులలో రాతినార యుండవచ్చును, అది ఊపిరితిత్తులకు విషము. తడిగుడ్డతో తుడువవలెను. లైనింగుమీద నూనె గాని గ్రీజు గాని పడియున్నచో కడిగి మఱల వేయరాదు, కొత్తవి కొనవలెను. బ్రేకు వేసినపుడు షూలను విప్పార్చు ఇరుసునకు కొంచెము గ్రీజు పూయవలెను. అది తుప్పుపట్టి పట్టుకొన్నచో బ్రేకు వేసిన పిమ్మట వదలదు. ముందు డిస్కుబ్రేకున్న బండికి నూనెడబ్బాలోని ద్రవము గోధుమరంగుకు తిరిగినచో మార్పింపవలెను. అది గాలిలోని తేమను పీల్చును. మన ప్రాంతపు గాలి తేమకు పేదది కాదు.

బండిని సెంటరు స్టాండుమీద నిలిపి, ఒకరు వెనుక కూర్చుండగా ముందుచక్రము పైకి లేచును. అపుడు ఫోర్కుల అడుగుభాగమును పట్టి ముందునకును వెనుకకును ఊపుడు. టకటక మన్నచో మెడ బేరింగులు వదులు. హ్యాండిలును మెల్లగ త్రిప్పునపుడు సరిగా మధ్యన ఒక గుంటలో పడినట్లైనచో బేరింగు గిన్నెలు అఱిగినవి; ఆ బండి తిన్నని దారిలో కూడ తడబడును. వెనుకచక్రమును ప్రక్కలకు ఊపి చూచినచో స్వింగార్ము బుష్షుల స్థితి తెలియును. కొబ్బరికాయల బస్తాలను, అరటిగెలలను మోసిన బండ్లలో ఇవి తఱచుగ పోవును.

చైను కవరు విప్పి, వెనుక స్ప్రాకెట్టునుండి చైనును వ్రేళ్ళతో వెనుకకు లాగుడు. పండ్లు సగము బయటపడినచో చైను సాగినది. పండ్లు కొక్కెములవలె వంగియున్నచో చైనుతోబాటు రెండు స్ప్రాకెట్లను మార్చవలెను. పాత పండ్లు కొత్తచైనును నెలలలో తినివేయును. చైను లంకెకు క్లిప్పున్నచో, దాని మూసియున్న కొన చైను పోవు దిక్కునకు ఉండవలెను. ఇంత చిన్న సంగతి తప్పినందున దారిలో చైను తెగి చక్రమునకు చుట్టుకొనిన సందర్భములున్నవి.

పెట్రోలుమాట ఒకటి చెప్పవలెను. 2025 నాటికి మనదేశమున పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలుపుట వచ్చినది. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము కలది. నెలల తరబడి నిలిచిన బండి ట్యాంకులో ఆ నీరు అడుగున చేరి తుప్పు పుట్టించును. పాతబండ్ల రబ్బరు గొట్టములు కూడ దీనికి మెత్తబడును, బీటలు వాఱును. కావున నిలువ పెట్రోలును వంపి, ట్యాంకు కడిగించి, గొట్టమును కొత్తది వేయింపవలెను. ఈ పని ఆరుబయట, పొయ్యికిని చుట్టకును దూరముగ జరుగవలెను. గాలి ఫిల్టరును, ప్లగ్గును కూడ అప్పుడే మార్పించినచో ఖర్చు స్వల్పము. దీపములు, హారను, బ్రేకు లైటు వెలుగుచున్నవో లేదో ఎవరైన చూచుకొనగలరు.

క్లచ్చివైరు, బ్రేకువైరు, యాక్సిలేటరువైరు చివరల ఒక్క పోగు తెగియున్నను కొత్తవి వేయింపవలెను. యాక్సిలేటరును త్రిప్పి వదలినపుడు తనంత తాను వెనుకకు తిరిగి రావలెను. హ్యాండిలు ఎడమకు, కుడికి పూర్తిగ త్రిప్పియుంచి కూడ ఈ పరీక్ష చేయవలెను.

తొలి ప్రయాణము కాలువగట్టు మీద చేయరాదు. ఒకవైపు నీరు, ఒకవైపు చేను గల ఇఱుకుదారి పరీక్షకు తగదు. తెల్లవాఱగనే, ఎండిన వెడల్పైన రోడ్డుపై, నడకకంటె కొంచెము వేగముతో పోవుచు వెనుక బ్రేకును, ముందు బ్రేకును వేర్వేఱుగ వేసి చూడవలెను. బండి ఒక ప్రక్కకు లాగినచో అచ్చటనే ఆపి మరలవలెను. కోతలకాలమున రోడ్లపై ధాన్య మారబోయుదురు. ధాన్యముమీద చక్రము గాజుగోళీలపై నడచినట్లు జాఱును, అచ్చట బ్రేకు వేయుటకంటె ముందే వేగము తగ్గించుట మేలు. ఎండుగడ్డి చక్రపు ఇరుసుకు చుట్టుకొన్నచో ఆగి తీసివేయవలెను. నీళ్ళలో దిగి లేచిన పిమ్మట డ్రమ్ము బ్రేకులు కొంతసేపు పట్టవు. మెల్లగ పోవుచు బ్రేకును తేలికగా ఆనించియుంచినచో ఆఱును.

రెండువందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట బండిని మఱల నిలిపి, ఇరుసునట్లు, స్పోకులు, చైను బిగువు, నూనెమట్టము మొదటివలెనే చూడవలెను. కొత్తగా విప్పి బిగించిన భాగములు సర్దుకొనునప్పుడు వదులగుట సహజము. ఆ తేదీని, మీటరుమీది సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి, సి బుక్కున్న సంచిలోనే పెట్టినచో, తరువాతి నూనె యెప్పుడు మార్పవలెనో వేఱొకరి నడుగ నక్కఱలేదు.