ఒకటే ఇల్లు, ఒకటే తిండి... రెండు పిల్లులకీ ఎందుకింత తేడా?

"కుక్కకున్న విశ్వాసం పిల్లికుండదు" అనే మాట మన ఊళ్ళల్లో వినని వాళ్ళు లేరు. అందులోనూ మనిషి దగ్గరికి రాని పిల్లయితే దానికి దొంగ పిల్లని పేరు పెట్టేస్తారు. ఆ పేరు పడ్డాక ఏమయిద్దో మీకు తెలిసిందే. గోతాంలో వేసి కాలవ అవతల వదిలేసి వస్తారు. అసలది ఎందుకట్టా ఉంటదో ఎవరూ అడగరు.

కంకిపాడు దగ్గర మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. పండు మగది, ఎర్రది. ఇంటికి ఎవరొచ్చినా వాడే ముందు ఎదురెళ్తాడు. పాలాయన బండి ఆపితే సీటెక్కి కూర్చుంటాడు. మిరియం ఆడది, నల్లది. బండి చప్పుడు వినపడితే చాలు, అటకెక్కుద్ది. చుట్టాలు వెళ్ళేదాకా దిగదు. అందరం పడుకున్నాక మాత్రం వచ్చి మా అమ్మ కాళ్ళ దగ్గర ముడుచుకుంటది. విశ్వాసం లేకపోతే అట్టా ఎందుకొచ్చిద్ది?

తేడా అంతా అవి పెరిగిన తీరులో ఉంది. పండు 2024 జులైలో విజయవాడ సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో పుట్టాడు. సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు ఊరిని ముంచినప్పుడు వాడికి నెలన్నర. చుట్టుపక్కల వాళ్ళంతా పిన్ని వాళ్ళ మేడ మీదకే చేరారు. అన్ని రోజులూ పిల్లలందరి ఒళ్ళోనూ పెరిగాడు. మిరియం మా గడ్డివాములో పుట్టింది. మా చేతికొచ్చేసరికి మూడు నెలలు దాటింది. అప్పటిదాకా దానికి మనిషి చెయ్యి తగల్లేదు.

పిల్లి కూనకి రెండో వారం నుంచి ఏడో వారం దాకా చాలా ముఖ్యమైన వయసు. 1980ల్లో అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో ఐలీన్ కార్ష్ ఈ సంగతి మీద పరిశోధన చేశారు. ఆ వారాల్లో మనుషులు రోజూ ఎత్తుకున్న కూనలు పెద్దయ్యాక మనిషికి దగ్గరగా ఉన్నాయి. ఆ వయసు దాటాక కూడా మచ్చిక చెయ్యొచ్చు గానీ, చాలా ఓపిక కావాలి.

రెండోది పుట్టుక. ధైర్యం ఉన్న పోతుపిల్లికి పుట్టిన కూనల్లో కూడా ఆ ధైర్యం ఎక్కువ కనపడిందని 1995లో శాండ్రా మెక్యూన్ పరిశోధన చెప్పింది. పిల్లుల్లో తండ్రి కూనల్ని సాకదు. అంటే చూసి నేర్చుకున్నది కాదు, రక్తంలో వచ్చింది. పైగా ఒకే ఈతలో పుట్టిన కూనలకి వేరు వేరు తండ్రులు ఉండొచ్చు. అందుకే తోడబుట్టినవే ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి.

మరి బెదురు పిల్లితో ఎట్టా ఉండాలి? ఎంట పడి పట్టుకోవద్దు. నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోండి, అదే వచ్చిద్ది. దాక్కోడానికి ఎత్తులో కాస్త చోటు ఉంచండి. రెండిటికీ గిన్నెలు దూరం దూరంగా పెట్టండి, లేకపోతే ధైర్యమున్నదే మొత్తం తినేసిద్ది. బెదురు పిల్లి జబ్బు చేసినా బయటపడదు. చేలో పెట్టిన ఎలకల మందు తిన్న ఎలకని తిన్నా, మూలకి పోయి పడుకుంటది. అందుకే రోజూ దాని గిన్నె చూడండి. తిండి ముట్టలేదంటే పశువుల డాక్టరుకి చూపించండి.

మూలకి నెడితే ఏ పిల్లయినా కరుద్ది, గీరుద్ది. అట్టాంటప్పుడు పసుపు పెట్టి ఊరుకోవద్దు. పావుగంట సబ్బూ నీళ్ళతో కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. రేబిస్ వచ్చాక బతికించడం దాదాపు కుదరదు. పిల్లికి కూడా ఏటా టీకా వేయించండి.

ఇంకో సంగతి. సాకిన జంతువుని తిండీ నీళ్ళూ లేక అల్లాడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఈసారి మీ గడ్డివాములో పిల్లి ఈనితే, రెండు వారాలు దాన్ని కదపకండి, కదిపితే తల్లి కూనల్ని వేరే చోటికి మార్చేసిద్ది. ఆ తర్వాత రోజూ కాసేపు కూనల్ని చేతుల్లోకి తీసుకోండి. మీ ఊళ్ళో ఒక దొంగ పిల్లి తగ్గుద్ది.