నాన్నతో కలిసి పాడిన పాట

పరాయి దేశంలో పాటల పోటీ. బృందంలో ఒకడిగా నిలబడి గొంతు కలిపాడు పందొమ్మిదేళ్ల కుర్రాడు. పక్కనే వాళ్ల నాన్న. పాట కూడు పెడుతుందా అన్న అనుమానంతో వెళ్లినవాడికి ఆ ప్రయాణం జీవితాంతం నిలిచే ధైర్యాన్నిచ్చింది. ఆ కుర్రాడి పేరు... లుచానో పవరోటీ!

అది 1955. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం. డీ నది ఒడ్డున, కొండల నడుమ ఒదిగిన చిన్న పట్టణం లాంగోలెన్. వేల్స్ వాళ్లు పలికినట్టు ఆ పేరు పలకడం మన నాలుకకు కాస్త కష్టమే. అక్కడ జరుగుతున్న అంతర్జాతీయ బృందగాన పోటీకి ఇటలీలోని మోడెనా నుంచి ఓ పురుషుల బృందం వచ్చింది. పేరు కొరాలే రొస్సీని. అందులో రొట్టెలు కాల్చే ఫెర్నాండో ఒకరు. ఆయన కొడుకు లుచానో మరొకడు. పోటీ ముగిసింది. పురుషుల బృందాల విభాగంలో మొదటి బహుమతి మోడెనాకే!

ఆ తర్వాత పవరోటీ ఎన్ని వేదికలెక్కినా, ఎన్ని బహుమతులందుకున్నా, తన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన అనుభవం అదేనని చెప్పేవాడు. పాటనే వృత్తిగా తీసుకోవాలన్న కోరిక బలపడింది అక్కడేనట.

రెండు గదుల ఇల్లు

లుచానో 1935 అక్టోబరు 12న పుట్టాడు. తండ్రి బేకరీలో, తల్లి అడెలె సిగార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇల్లు చూస్తే రెండే గదులు. 1943లో యుద్ధం ముంచుకొచ్చాక అదీ వదిలి, పల్లెలో ఓ రైతు దగ్గర ఒక్క గది అద్దెకు తీసుకుని తలదాచుకున్నారు.

డబ్బుకు కరువున్నా ఆ ఇంట్లో సంగీతానికి లోటు లేదు. ఫెర్నాండోకు గ్రామఫోను రికార్డులంటే ప్రాణం. కరూసో, జిల్లీ లాంటి మహా గాయకుల పాటలు మోగుతూనే ఉండేవి. ఆయన గొంతు కూడా చక్కనిదే. కానీ, వేదికంటే బెరుకు. ఆ భయంతోనే పాటను వృత్తిగా చేసుకోలేకపోయాడు. తొమ్మిదేళ్లప్పటి నుంచే కొడుకు తండ్రితో కలిసి చర్చిలో పాడటం మొదలుపెట్టాడు.

కుర్రాడి మనసేమో ఫుట్‌బాల్ మీద. గోల్‌కీపర్ కావాలని కలలు. 'ఆటలతో పొట్ట నిండుతుందా?' అన్న బెంగ ఏ తల్లికైనా ఒక్కటే కదా! అమ్మ నచ్చజెప్పి టీచరు చదువులో చేర్పించింది. అది పూర్తయ్యాక రెండేళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాడు కూడా.

ఊరంతా ఆతిథ్యం

ఇంతకీ ఆ పోటీ సంగతేంటి? రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిన గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. నిన్నటిదాకా తుపాకులు పట్టుకున్న దేశాలను పాటతో దగ్గర చేద్దామనుకున్నారు లాంగోలెన్ వాసులు. 1947లో ఉత్సవం మొదలుపెట్టారు. పేరు 'ఐస్టెడ్‌వాడ్'. పాటలకు, కవిత్వానికి పోటీలు పెట్టే ఈ సంప్రదాయం వేల్స్‌లో 1176 నాటికే ఉంది.

చిన్న ఊరు... అంతమంది అతిథులు. మరి ఎక్కడుంటారు? స్థానికులే తమ ఇళ్లలో చోటిచ్చారు. మొదటి ఏడాది ఫ్రాన్స్‌లో రైళ్ల సమ్మె వల్ల దారిలో చిక్కుకుపోయిన హంగరీ కార్మికుల బృందం, కనిపించిన వాహనమల్లా ఎక్కుతూ ఎలాగో వేదిక దగ్గరికి చేరింది. 1949లో జర్మనీలోని ల్యూబెక్ నుంచి ఓ బృందం వచ్చింది. నిన్నటి శత్రువులు! జనం ఎలా చూస్తారోనని వాళ్లకు గుబులు. వ్యాఖ్యాత మాత్రం వాళ్లను 'జర్మనీ నుంచి వచ్చిన మన మిత్రులు' అంటూ పరిచయం చేశాడు. చప్పట్లు మార్మోగాయి.

పక్కవాడి గొంతు వింటూ...

మన భజనల్లో అందరిదీ సాధారణంగా ఒకే వరస. పాశ్చాత్య బృందగానంలో ఒకే పాటను భాగాలుగా పంచుకుంటారు. పురుషుల బృందమైతే మామూలుగా నాలుగు జట్లు. హెచ్చు స్థాయిలో పాడే 'టెనర్'లు రెండు, మంద్రంగా పాడే 'బాస్'లు రెండు. నాలుగు వరసలూ కలిసి ఒక్క పాటగా వినిపించాలి. పక్కవాడి గొంతు వింటూ తన గొంతు తూచి వాడాలి. ఎవరిదైనా ఒక్కరిది పైకి తేలిందా... పొందిక చెడినట్టే!

ఒంటరిగా గళమెత్తి ప్రపంచాన్ని ఊపేసిన పవరోటీ తొలి పాఠాలు నేర్చింది ఇలాంటి బడిలోనే. గెలుపు రుచి తొలిసారి చూసిందీ పదిమందిలో ఒకడిగానే.

ముప్ఫై ఏళ్ల గడువు

బహుమతి వచ్చింది సరే. బతుకు మాటేమిటి? వేదిక భయం తెలిసిన తండ్రి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. చివరికి ఇంట్లో ఓ ఒప్పందం కుదిరింది. ముప్ఫై ఏళ్లొచ్చేదాకా తిండి, నీడ ఇంట్లోనే. ఆలోగా గాయకుడిగా నిలదొక్కుకోకపోతే తన దారి తాను చూసుకోవాలి.

మోడెనాలోనే ఉండే గాయకుడు అరీగో పోలా, ఇంటి పరిస్థితి తెలిసి ఫీజు తీసుకోకుండా పాఠాలు చెప్పాడు. చేతిఖర్చుల కోసం లుచానో బీమా పాలసీలు అమ్మాడు. ఆరేళ్లు కష్టపడితే దక్కినవి చిన్న ఊళ్లలో నాలుగైదు కచేరీలు. అవీ ఉచితంగానే! అది చాలదన్నట్టు స్వరతంత్రుల మీద బొడిపె లేచింది. ఫెరారా పట్టణంలో కచేరీ ఘోరంగా దెబ్బతింది. ఇక పాట మానేద్దామనే నిర్ణయానికి వచ్చేశాడు. మనసులోంచి ఆ బరువు దిగిపోయిందో ఏమో, కొన్నాళ్లకు బొడిపె పోయింది. గొంతు మునుపటికన్నా మెరుగ్గా పలికింది.

1961 ఏప్రిల్ 29. రెజియో ఎమీలియా పట్టణంలో 'లా బోహెమ్' ఒపెరా. కవి రొడాల్ఫో పాత్రలో పవరోటీ. వయసు పాతికేళ్లు. గడువుకు ఇంకా నాలుగేళ్లు మిగిలే ఉంది!

మళ్లీ అదే ఊరికి

ఆ తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1972లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో ఒకే పాటలో తొమ్మిదిసార్లు తారస్థాయిని అలవోకగా అందుకున్నాడు. 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ఆయన పాడిన 'నెస్సన్ డోర్మా' గుర్తింపు గీతమైంది. గోల్‌కీపర్ కాలేకపోయినా ఫుట్‌బాల్ అభిమానుల గుండెల్లో అలా చోటు దొరికింది.

ఇంత ఎదిగినా లాంగోలెన్‌ను మర్చిపోలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1995లో మళ్లీ అక్కడికెళ్లి కచేరీ చేశాడు. 2007 సెప్టెంబరు 6న, 71 ఏళ్ల వయసులో, పుట్టిన మోడెనాలోనే కన్నుమూశాడు. లాంగోలెన్‌లో అత్యుత్తమ బృందానికిచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు.

ఆ వేదికెక్కే బృందాల్లో, వెనక వరుసలో బెరుకుగా నిలబడ్డ ఏ కుర్రాడు రేపు ఏమవుతాడో... ఎవరికి తెలుసు!